గృహారోగ్యము: కళ్ళజోడా, లెన్సులా?



ఈ మాసము నాకు వచ్చిన యుత్తరములలో నొకటి కడప జిల్లా యెఱ్ఱగుంట్ల చెంతనున్న చిలమకూరునుండి వచ్చినది. వ్రాసిన తల్లి తన పేరు ప్రకటింపవలదని కోరినది గావున దానిని విడిచి, విషయమును మాత్ర మిచ్చట నుదాహరించుచున్నాను.

"మా బిడ్డకు ఇరువదినాలుగేండ్లు. చదువు ముగించుకొని ప్రొద్దుటూరిలో నొక పాఠశాలయందు లెక్కలు చెప్పుచున్నది. పదవయేటనుండి కళ్ళజోడు పెట్టుచున్నది. ఇప్పుడు సంబంధములు వచ్చుచున్నవి. పిల్ల బాగున్నది గాని యద్దములు పెట్టునే యని యొకచోట ననిరి. జోడు తీసి పెండ్లిచూపులకు గూర్చుండవలెనని మా యత్తగారు, అనగా పిల్ల జేజి, పట్టుపట్టుచున్నారు. తీసినచో నెదుటివారి మొగము దానికి మసకగా నుండును. కంటిలో పెట్టుకొను లెన్సులు తెప్పింతమన్న, మా యూరి దుమ్మునెఱిగిన నాకు భయముగా నున్నది. కన్నులకు ప్రమాదము లేదా? పెట్టుకొన్న సంగతి వరునివారికి చెప్పవలెనా, మానవలెనా?"

ఇది తల్లి యుత్తరము. దాని క్రింద వేఱొక చేతివ్రాతతో నీ నాలుగు పంక్తులున్నవి: "అక్కగారికి నమస్కారములు. టపాలో వేయుమని అమ్మ యీ యుత్తరము నాచేతి కిచ్చినది. పెండ్లిచూపుల కొఱకు నాకు లెన్సులు వలదు. స్కూటరుపై పోవునపుడు వానచినుకు లద్దములపై బడి దారి కనబడదు. బడిపిల్లలతో బంతి యాడునపుడు జోడు జారిపడి రెండుమాఱులు విఱిగినది. నాకొఱకు నేను లెన్సులు కోరుచున్నాను. ఈ మాట అమ్మతో నింకను చెప్పలేదు. మీ సమాధానములో చూచుకొనును."

తల్లి భయమును, కూతురి కోరికయు, రెండును న్యాయమైనవే. కావున నీ మాసము పుటలన్నియు వీరిరువురకే యర్పించుచున్నాను. ఇట్టి ప్రశ్న పలువుర యిండ్లలో నున్నదనియు నే నెఱుగుదును.

మొట్టమొదట చూపు మందగించుట యననేమో తెలిసికొందము. కనుగ్రుడ్డు ముందుభాగమున గాజువలె తేటయైన పొర యొకటి కలదు. దానిని కార్నియా యందురు. వెలుతురు దానిగుండను, లోపలి సహజకటకము గుండను వంగి, కంటి వెనుకనున్న తెరపై సరిగా బడిననే బొమ్మ స్పష్టముగా గనబడును. గ్రుడ్డు కొంచెము పొడవుగా బెరిగిన యెడల వెలుతురు తెరకు ముందే కూడుకొనును. అపుడు దూరపు వస్తువులు మసకగా నుండును. దీనికే హ్రస్వదృష్టి యని పేరు. కార్నియా వంపు అన్నివైపుల సమముగా లేనిచో గీతలు చెదరి కనబడును. నలువదియేండ్లు దాటిన పిమ్మట లోపలి కటకము బిరుసెక్కి, సూదిలో దారమెక్కించుటకును, బియ్యములో రాళ్ళేరుటకును కష్టమగును. వీనిలో నేదియు జబ్బని సిగ్గుపడదగినది కాదు. ఒకరు పొడవు, ఒకరు పొట్టి యైనట్లే కనుగ్రుడ్డు పొడవును నొక్కొక్కరికొక తీరున నుండును.

జోడు పెట్టినకొలది పవరు పెరుగునని మన పెద్దలందురు. ఇది సరికాదు. ఎదుగు వయస్సులో గ్రుడ్డు పెరుగుటవలన పవరు మాఱునే గాని యద్దమువలన గాదు. 2002లో మలేషియాదేశమున వైద్యులు కొందఱు పిల్లలకు కావలసిన పవరుకంటె తక్కువ యద్దములిచ్చి పరీక్షించిరి. సరియైన యద్దములు పెట్టినవారి కంటె వీరికే హ్రస్వదృష్టి యెక్కువగా బెరిగినది. కావున జోడు తీసి కన్నుల నలవాటు చేయింతమను జేజిగారి సలహా పాటింపదగినది కాదు.

ఇక నీ రెండు సాధనముల చరిత్రమును రెండు మాటలలో జెప్పెదను. కళ్ళజోడు పదుమూడవ శతాబ్దము చివర నిటలీదేశమున బుట్టినది. కంటిపైనే యద్దము నుంచుట చాల తరువాతి సంగతి. 1888లో అడాల్ఫ్ ఫిక్ అను వైద్యుడు గాజుచిప్పలను కంటిపై నుంచి చూపు సరిచేయవచ్చునని ప్రకటించెను. అవి పెద్దవి, బరువైనవి. కొన్ని గంటల కంటె నెక్కువ భరింపరానివి. 1948లో కార్నియాను మాత్రమే కప్పు చిన్న ప్లాస్టికు లెన్సు లమెరికాలో వచ్చినవి. నేడు మనము చూచు మెత్తని లెన్సులకు మూలపురుషుడు చెకోస్లొవేకియా దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఒట్టో విఖ్టర్లే. ఆయన 1961లో క్రిస్మసు దినములయందు తన యింటనే, పిల్లలు బొమ్మలు కూర్చుకొను లోహపు ముక్కలతో నొక యంత్రమును గట్టి, దానిపై మొదటి మెత్తని లెన్సులను దీసెను. ఆ యంత్రమును ద్రిప్పుటకు సైకిలు దీపపు డైనమోను వాడెను. వంటింటి బల్లపై బుట్టిన వస్తువు నేడు లోకమంతయు వ్యాపించినది.

మెత్తని లెన్సు నీటిని బీల్చుకొను ప్లాస్టికుతో చేయబడిన పలుచని చిప్ప. అది కన్నీటిపొరపై దేలుచుండును. కనుగ్రుడ్డుతోబాటు కదలును గావున ప్రక్కచూపు గూడ స్పష్టముగా నుండును. ఆవిరి పట్టదు, చినుకులు నిలువవు, ముక్కుపై జాఱవు. రెండు కన్నుల పవరులో మిక్కిలి భేదమున్నవారికి జోడుతో రెండు బొమ్మలు రెండు పరిమాణములుగా గనబడి తల తిరుగును. అట్టివారికి లెన్సు మేలు. కార్నియా శంకువువలె ముందుకు బొడుచుకొని వచ్చు కెరటోకోనస్ అను రోగమున జోడు చాలక, గట్టి లెన్సులే చూపునిచ్చును. ఇట్టి చికిత్సలకు మన తెలుగునాట హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థ పేరెన్నికగన్నది. దానిని 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిరి.

మఱి ప్రమాదమెక్కడ నున్నది? కార్నియాలో రక్తనాళములు లేవు. అది తనకు కావలసిన ప్రాణవాయువును కన్నీటిద్వారా బయటి గాలినుండియే గ్రహించును. లెన్సు దానిపై గప్పిన దుప్పటివంటిది. 1999 ప్రాంతమున వచ్చిన సిలికాను హైడ్రోజెల్ లెన్సులు గాలిని చాలవఱకు బోనిచ్చును. అయినను ఱెప్పలు మూసి నిద్రించునపుడు లెన్సు గూడ నున్నచో కార్నియాకు నూపిరి తగ్గును. అపుడు చేతిమురికినుండియో, నీటినుండియో చేరిన సూక్ష్మక్రిములు లెన్సుక్రింద వృద్ధిపొంది పుండు పుట్టించును. పరదేశములలో జరిగిన పరిశీలనల ప్రకారము, మెత్తని లెన్సులు పగలు మాత్రమే ధరించు 10,000 మందిలో సంవత్సరమునకు సుమారు 2 మొదలు 4 గురికి ఇట్టి పుండు కలుగుచున్నది. లెన్సులతో నిద్రించువారిలో నీ లెక్క 20 వఱకు బోవుచున్నది. పగటివారి ప్రమాదము స్వల్పమేయని మీరు గ్రహింపవచ్చును. రాత్రి తీయకుండుటవలన నది యైదు రెట్లు, అంతకు మించియు నగుచున్నది.

ఈ సంగతి నేను పుస్తకములోనే చదువలేదు. మా పినతల్లి కూతురొకతె బంధువుల పెండ్లికి రాత్రి బస్సులో బోవుచు లెన్సులు తీయుట మఱచి నిద్రించినది. తెల్లవాఱుసరికి కుడికన్ను ఎఱ్ఱనైనది. పెండ్లిపందిటిలో నందఱు నుందురను మోమాటముచే నా లెన్సులనే మరల పెట్టుకొన్నది. మందులయంగడిలో నేవో చుక్కలు కొని వేసికొన్నది. మూడవనాడు వైద్యునియొద్దకు బోవునప్పటికి కార్నియాపై పుండు స్పష్టముగా నున్నది. మొదటి దినములలో గంటకొకమాఱు, రాత్రులయందు గూడ, చుక్కలు వేయవలసివచ్చెను. కన్ను నిలిచినది. కాని తెల్లని చిన్న మచ్చయొకటి మిగిలి, ఆ కంట దీపముచుట్టు నేటికిని మసక కనబడుచున్నది. తప్పు లెన్సుది కాదు. మొదటిది నిద్ర, రెండవది మోమాటము, మూడవది యాలస్యము.

ఇప్పుడు చిలమకూరి మాటకు వత్తము. మీ యూర సిమెంటు కర్మాగారము కలదు. చుట్టును సున్నపురాతి గనులు, నాపరాతి బండలు, లారీలు పోవు బాటలు. వేసవిలో నెండ మిక్కుటము, గాలి పొడి. తల్లిగారి భయము నిష్కారణము కాదు. ధూళికణము లెన్సుక్రింద జేరినచో కార్నియాను గీకును. సిమెంటులో సున్నపు గుణమున్నది గావున నది గీకుటయే గాక కాల్చును గూడ. పొడిగాలిలో లెన్సులే యెండి ఱెప్పలకు అంటుకొన్నట్లుండును. జోడైనచో నట్టి ధూళిని కొంతవఱ కడ్డగించును. లెన్సు కంటికి రక్షణ కాదను సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. కర్మాగారములోనో, గనిలోనో పనిచేయువారు లెన్సులున్నను లేకున్నను చుట్టును మూసియుండు రక్షణకళ్ళజోడు తప్పక పెట్టవలెను.

సందర్భవశమున నొక మాట. సిమెంటుగాని, తాంబూలపు సున్నముగాని కంటిలో బడినచో క్షణమైనను జాగుచేయక, లెన్సున్న దానిని దీసివేసి, శుభ్రమైన నీటిని ధారగా పోయుచు అర్ధగంటసేపు కడుగవలెను. ఱెప్పలను దిరుగదీసి సున్నపు రేణువులు లేకుండ జేయవలెను. పిమ్మటనే వైద్యునియొద్దకు బోవలెను. సున్నపుపొట్లములను, డబ్బాలను పసిపిల్లల కందనీయకుడు. వాని నొత్తగా జిమ్మి కండ్లు పోగొట్టుకొన్న బిడ్డలు మన దేశమున గలరు.

లెన్సులు ధరింప నిశ్చయించిన సోదరి యీ నియమములను దేవతార్చన మడివలె బాటింపవలెను. చేతులు సబ్బుతో గడిగి, నూగు రాలని పొడిగుడ్డతో దుడుచుకొనిన పిమ్మటనే లెన్సును ముట్టవలెను. లెన్సుకు గాని, దాని డబ్బాకు గాని కుళాయినీరు, బావినీరు, బోరునీరు తగులరాదు. త్రాగుటకు మంచిదైన నీటియందు గూడ అకంథమీబా యను సూక్ష్మజీవి యుండవచ్చును. అది కంటిలో జేరిన వదలించుట మిక్కిలి కష్టము. స్నానమునకును, ఈతకును ముందు లెన్సులు దీసివేయవలెను. ఉమ్మితో దడుపుట మహాదోషము. లెన్సుల కొఱకై యమ్ము ద్రావకముతో అఱచేతిలో రుద్ది కడిగి, ప్రతిదినము క్రొత్త ద్రావకమునే పోయవలెను. నిన్నటి దానిపై నేటిది చేర్చరాదు. డబ్బాను ఖాళీచేసి బోర్లించి యారనిచ్చి, మూడు నెలలకొకమాఱు మార్చవలెను. నిద్రకు ముందు, పగటి కునుకునకైనను, తీయవలెను.

వంటయింటి నియమ మింకొకటి కలదు. మిరపకాయలు త్రుంచిన చేతితో, కారము కలిపిన చేతితో లెన్సు దీయబోయినచో గలుగు బాధ చెప్పనలవి కాదు. ఎంత గడిగినను వ్రేళ్ళయందు కారము మిగులును. కావున పచ్చళ్ళు పెట్టు దినమున జోడే మేలు. పొయ్యివేడికి లెన్సులు కంటిలో గరగి యంటుకొనునని కొందఱందురు. అది వట్టిమాట. కంటిలో తేమ యుండగా నట్లు జరుగదు. అయితే తాలింపు పొగకు కన్ను మండును. లెన్సు కంటివెనుకకు బోవునని మఱికొందఱి భయము. ఱెప్పలోపలి పొర వెనుదిరిగి గ్రుడ్డునకే యంటియుండును గావున వెనుకకు దారియే లేదు. కాటుక పెట్టుకొనువారు ముందుగా లెన్సులు పెట్టి పిమ్మట కాటుక దిద్దవలెను. రాత్రి ముందుగా లెన్సులు దీసి పిమ్మట మొగము గడుగవలెను.

ఎఱుపు, నొప్పి, వెలుతురు చూడలేమి, పుసి, మసక వీనిలో నేదైన గనబడినచో లెన్సును వెంటనే తీసి, మరల పెట్టక, పాఱవేయక డబ్బాలో నుంచి, ఆ దినముననే నేత్రవైద్యునియొద్దకు గొనిపోవలెను. ఆ లెన్సును బరీక్షించి యే క్రిమి చేరినదో వైద్యులు కనుగొనవచ్చును. చనుబాలు, ఆముదము, ఆకుపసరు కంటిలో బోయరాదు. వైద్యుని యనుమతి లేని చుక్కలు వేయరాదు. స్టెరాయిడు గల చుక్కలు ఎఱుపును దాచి పుండును బెంచును.

ఖర్చు విషయమునను గృహిణి యాలోచింపవలెను. దినమున కొక జత వాడి పాఱవేయు లెన్సులు సంవత్సరమునకు 730 కావలెను. నెలకొక జత మార్చునవి 24 చాలును గాని, వానికి ద్రావకము, డబ్బా, నిత్యశుద్ధి తప్పవు. ఏ లెన్సు వాడినను జోడు గూడ నుండవలసినదే. అనగా లెన్సులు జోడునకు బదులు కావు, జోడునకు జేరిక మాత్రమే. చలువగదులలోను, వేడియూళ్ళలోను కన్నీరు తక్కువగా నూరువారికిని, తఱచు కంటికలక వచ్చువారికిని, కండ్లు నలుపుకొను నలవాటు గలవారికిని లెన్సులు తగవు. కళ్ళజోడు చీటిలోని పవరుతో లెన్సులు కొనుటయు తప్పు. జోడు కంటికి దూరముగ నుండును, లెన్సు కంటిపైనే యుండును గావున పవరు ఎక్కువైనవారికి రెండింటి యంకెలు వేఱగును. కార్నియా వంపును గూడ కొలిపించుకొనవలెను. రంగుకండ్లకై సంతలలో నమ్ము లెన్సులను, స్నేహితురాండ్రు మార్చుకొను లెన్సులను ముట్టవలదు.

ఇక అమ్మాయీ, నీతో రెండు మాటలు. నీ కోరికలో దోషము లేదు. ఆటకును, వేడుకలకును, వానదినపు ప్రయాణమునకును లెన్సులు నీకు మేలే చేయును. నీవంటి దానికి దినమున కొక జత వాడి పాఱవేయు రకము తగును. డబ్బాలోని క్రిమికి దానియందు దావు లేదు, వేసవిలో ద్రావకపు సీసా వేడెక్కునను చింతయు లేదు. వారమున కొన్ని దినములు మాత్రమే వాడినచో ఖర్చును దగ్గును. స్కూటరుపై శిరస్త్రాణపు ముందుటద్దమును దింపుకొనుము. లారీల బాటలో నది దింపనిదే లెన్సులతో బోవలదు. కళ్ళజోడు నీ సంచిలో నెల్లప్పుడు నుండవలెను. ధూళిగాలి లేచిన దినమునను, జలుబు జ్వరముల దినమునను, రాత్రి బస్సు ప్రయాణమునను జోడునే పెట్టుము. మొదట నేత్రవైద్యునియొద్ద పరీక్ష చేయించుకొని, పెట్టుట తీయుట నేర్చుకొని, నీయంతట నీవు తీయగల్గిన పిమ్మటనే యింటికి దెచ్చుకొనుము.

తల్లిగారూ, మీ రెండవ ప్రశ్న కన్నునకు సంబంధించినది కాదు, మనస్సునకు సంబంధించినది. పెండ్లిచూపులకు లెన్సులు పెట్టుకొనవచ్చునా యన్న, పిల్ల కిష్టమైనచో పెట్టుకొనవచ్చును. పూవులు పెట్టుకొనుటకంటె నది వేఱు కాదు. కాని సంగతి దాచవలెనా యన్న, దాచవలదని నా మనవి. పెండ్లియైన మొదటి రాత్రియే లెన్సులు దీయవలెను. ఆ రాత్రి తీయనొల్లక దాచుకొని నిద్రించిన కోడలి కన్నునకు గలుగు హాని నింతకు ముందే చెప్పితిని. దాపరికము లెన్సును రాత్రంతయు కంటిలో నుంచును. వారితో, "మా బిడ్డకు దూరపుచూపు తక్కువ, జోడు పెట్టును, అప్పుడప్పుడు లెన్సులు పెట్టును" అని మొదటనే చెప్పుడు. ఆ మాటకే వెనుదిరుగు సంబంధము ముందే తిరిగిపోవుట యెంతయో మేలు.

జేజిగారికి నొక మాట చెప్పుడు. ఆమె కాలమున చూపు మందగించిన యాడుబిడ్డ నెవరును బరీక్షింపలేదు. ముగ్గు తప్పినను, చేట చెదరినను మొద్దని తిట్టిరే గాని కన్ను చూడలేదు. నేటికిని లోకమున చూపు లోపించినవారిలో 55 శాతము స్త్రీలేయని 2020 నాటి లెక్కలు చెప్పుచున్నవి. 2018లో అస్సాములో దగ్గరిచూపు తగ్గిన తేయాకు కోయువారికి జోళ్ళిచ్చి చూడగా వారి పని సుమారు 22 శాతము పెరిగినదని తేలినది. వారిలో పెక్కండ్రు స్త్రీలు. మన రాష్ట్రమునను 2019 అక్టోబరు 10వ తేదీన అనంతపురమున కంటి వెలుగు పథకము మొదలై, ముందుగా బడిపిల్లల కన్నులను బరీక్షించి యద్దము లిచ్చిరి. అట్లు జోడుపొందిన బాలికలు నేడు పెండ్లియీడునకు వచ్చుచున్నారు. వారందఱిని జోడు దాచుకొనుమనుట కంటె, జోడును జూచి వెనుదీయువారికి బుద్ధిచెప్పుట సులభము.

మీ మండలమునందలి కలమల్లలో రేనాటి చోడరాజు ధనంజయుని శాసన మున్నది. క్రీ.శ. 575 ప్రాంతమున వేయించిన యా రాతియక్షరములే మన తెలుగు వచనమున మిక్కిలి ప్రాచీనమైనవని పండితులందురు. ఒక సెలవుదినమున తల్లియు, కూతురును, జేజియు మువ్వురు నచ్చటికి బోయి రండు. అమ్మాయి జోడుతోనో, లెన్సులతోనో, ఆ యరిగిన యక్షరముల నొక్కొక్కటిగా జేజికి జూపవలెను. దగ్గరిచూపునకు జోడు లేనిచో జేజికి గూడ నొకటి చేయింపుడు. నలువది దాటిన మీకును బహుశః నది కావలసియే యుండును.

వచ్చు మాసమున, చంటిబిడ్డల చెవిపోటును గూర్చి యడిగిన సోదరీమణులకు సమాధానము వ్రాసెదను.